ఎర్రరంగు తెల్లముక్కల మీదికి దిగింది, బొంత ఇంకా తడిగానే ఉంది

సూదిమొన – శనివారం, రాత్రి 9:40

రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే మన్నించండి. ఏడు నెలలుగా చేత్తో కుడుతున్న బొంత పోయిన వారమే పూర్తయింది. చెల్లెలికి ఇచ్చేముందు ఒకసారి ఉతుకుదామని ఈ సాయంత్రం వాషింగ్ మెషీన్‌లో వేశాను. మూత తీసేసరికి గుండె జారిపోయింది.

మొత్తం ముప్పై గళ్లు. ఒక్కో గడిలో తెల్లబట్ట మీద ఎనిమిది మొనల ఎర్ర నక్షత్రం, చుట్టూ ముదురు నీలం అంచు. ఇప్పుడు ప్రతి ఎర్రమొన చుట్టూ వేలెడు మేర గులాబీ రంగు పాకింది. కుట్టు దగ్గర ముదురుగా, దూరం వెళ్లేకొద్దీ లేతగా. ఒకచోట బొంత మడతపడి ఉండిపోయినట్టుంది. అక్కడైతే సగం నక్షత్రం ఎదుటి గడి మీద అచ్చు గుద్దినట్టు దిగింది, అద్దంలో చూస్తున్నట్టు తిరగబడి.

బొంత ఇప్పుడు తడిగానే బకెట్టులో ఉంది. ఆరేసి చూడమంటారా? ఎండలో వేస్తే ఆ గులాబీ వెలిసిపోతుందా? ఎవరైనా మెలకువగా ఉంటే చెప్పండి.

కుట్టుపిచ్చి – రాత్రి 9:47

అయ్యో! బెంగపడకండి అక్కా. గుప్పెడు ఉప్పు, అరకప్పు వెనిగర్ వేసిన చన్నీళ్లలో గంటసేపు నానబెట్టండి. రంగు గట్టిపడి ఇక దిగదు. మా ఇంట్లో ఎప్పుడూ ఇదే చేస్తాం.

పాతబొంత – రాత్రి 9:51

సూదిమొన గారూ, ఉప్పు వేయకండి. ఆరేయకండి. ఎండ, ఇస్త్రీ, వేడిగాలి ఏదీ తగలనివ్వకండి. ఆరకపోతే సగం గెలిచినట్టే. ఒకవేళ ఆరిపోయినా కొంప మునగదు, పని కాస్త పెరుగుతుంది, అంతే.

ముందు ఇవి చెప్పండి. అన్నీ నూలుబట్టలేనా, పట్టుగానీ ఉన్నిగానీ కలిసిందా? లోపలి పొర ఏమిటి? కుట్టుగీతలు దేనితో గీశారు? ఎర్రబట్ట కోసే ముందు ఉతికారా?

సూదిమొన – రాత్రి 9:58

అన్నీ నూలే. లోపల పత్తిపొర, వెనక అస్తరు కూడా తెల్లనూలే. తెల్లబట్ట, నీలంబట్ట ముందే ఉతికాను. ఎర్రది ఉతకలేదు, కొంచెమే ఉంది కదా అని నేరుగా కోసేశాను. ఆ బద్ధకానికే ఇప్పుడు ఏడుస్తున్నాను. గీతలు నీళ్లకు చెరిగిపోయే నీలం పెన్నుతో గీశాను. చాలావరకు పోయాయి, అక్కడక్కడా లేతగా కనిపిస్తున్నాయి.

పాతబొంత – రాత్రి 10:06

అడగడం మంచిదైంది. ఆ నీలం గీతలు పూర్తిగా పోయేదాకా వేడినీళ్ల జోలికి వెళ్లకండి. ఆ పెన్ను సిరా వేడి తగిలితే గోధుమరంగుకు తిరిగి బట్టలోనే ఉండిపోతుంది. ఒక మరక పోగొట్టబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది. కాబట్టి ముందు సబ్బు లేకుండా ఉత్త చన్నీళ్లలో జాడించండి, దీపం కింద ఒక్కో గడీ చూడండి.

ఆ తర్వాత స్నానపు తొట్టె. అది లేకపోతే మీ ఇంట్లో ఉన్న అతి పెద్ద టబ్. 60 డిగ్రీల దగ్గర వేడి ఉండాలి. కుళాయిలో అంత వేడి రాకపోతే కొన్ని నీళ్లు కాచి కలపండి. నీళ్లు నింపి, గిన్నెలు తోమే సబ్బుద్రవం అరకప్పు కలిపాకే బొంతను దింపండి. మీద వేడినీళ్లు గుమ్మరించవద్దు. బొంత మీద ఇంకా జానెడు నీళ్లు నిలవాలి, ఎక్కడా ముద్దగా కుక్కినట్టు ఉండకూడదు. గాలి బుడగలు పైకి ఉబ్బినచోట కర్రతో నొక్కి ముంచండి. చేతులు పెట్టవద్దు, కాలుతాయి. ఇక పన్నెండు గంటలు దాన్ని మరచిపోండి. పత్తిపొర కాస్త ముడుచుకుంటుంది, దానికి సిద్ధపడండి.

కుట్టుపిచ్చి – రాత్రి 10:11

వేడినీళ్లా! ఉన్న రంగంతా దిగిపోదూ?

పాతబొంత – రాత్రి 10:13

దిగిపోవాలనే కదా. దిగాల్సిందంతా ఈ రాత్రే దిగనివ్వండి.

నూలుపోగు – రాత్రి 10:20

ఇంకో మాట. నానాక తడిబొంతను పట్టుకుని పైకి లాగవద్దు. నీళ్ల బరువంతా కుట్ల మీద పడుతుంది. నా మొదటి బొంతకు అలాగే ఒక వరుస కుట్లు టపటపా తెగిపోయాయి. ముందు నీళ్లు వదిలేసి, తొట్టెలోనే అరచేతులతో నొక్కి నీరు పిండి, అప్పుడు కింద దుప్పటి తోసి దానితోపాటు ఎత్తండి. వీలైతే ఇంకొకరిని సాయం పిలవండి.

అద్దకంగది – రాత్రి 11:02

చాలా ఏళ్లు బట్టల అద్దకంలో పనిచేశాను, ఇప్పుడు విశ్రాంతి. ఉప్పు, వెనిగర్ మాట వచ్చింది కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపికుంటే చదవండి.

నూలుకు రంగు పట్టడంలో రకాలున్నాయి. పాత పద్ధతి రంగులు నూలుపోగు సందుల్లో దూరి, బలహీనమైన ఆకర్షణతో అక్కడ నిలబడతాయి. వీటిని డైరెక్ట్ రంగులంటాం. 1884లో వచ్చిన కాంగో రెడ్ ఈ కోవలో మొదటిది. బలమైన ఆమ్లం తగిలితే ఆ ఎరుపు నీలమైపోయేది, అంత నిలకడ లేనిది. అసలైన మార్పు 1954లో వచ్చింది. ఇంగ్లండులో ఐసీఐ సంస్థ రసాయనవేత్తలు నూలుపోగుతో రసాయనికంగా ముడిపడిపోయే రంగును కనిపెట్టారు. 1956లో అది ప్రోషియాన్ అనే పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. వీటిని రియాక్టివ్ రంగులంటారు. ఈనాడు ముదురు రంగుల నూలుబట్టల్లో ఇవి చాలా ఎక్కువ.

మరి ముడిపడిన రంగు ఎందుకు దిగుతుంది? ముడిపడింది దిగదు. కానీ అద్దకం తొట్టెలో వేసిన రంగంతా పోగుకు ముడిపడదు. కొంత భాగం పోగును వదిలి నీటితోనే ముడిపడిపోతుంది. అలా నీటితో ముడిపడిన రంగుకు పోగుతో ముడిపడే శక్తి పోతుంది, ఊరికే బట్టలో కూర్చుంటుంది. దాన్ని మరిగే నీళ్లతో పదేపదే కడిగి వదిలించాలి. అద్దకంలో నీళ్లూ వేడీ సమయమూ ఎక్కువ తినేది ఆ కడుగుడే. అందుకే ఖర్చు తగ్గించుకోవాలనుకునే అద్దకంవాళ్లు కోత పెట్టేదీ అక్కడే. వాళ్లు కడగకుండా మిగిల్చిన రంగును మనం ఇంట్లో కడుక్కుంటున్నాం.

ఇందులోనే మీకు ఊరట ఉంది. ఎర్రబట్టలో ముడిపడలేకపోయిన రంగు తెల్లబట్టకు మాత్రం ఎలా ముడిపడుతుంది? అక్కడా ఊరికే కూర్చుంది. వేడి, సబ్బు, బోలెడు నీళ్లు, సమయం ఉంటే లేచి పోతుంది.

ఉప్పు సంగతి. మేం ఉప్పు వేసేది నీళ్లలోని రంగును బట్టలోకి తోయడానికి. ఇప్పుడు నీళ్లలో తేలుతున్న ఎరుపు ఏ బట్టలోకి వెళ్లాలని మీ కోరిక? వెనిగర్ పనికొచ్చేది ఉన్ని, పట్టు అద్దే ఆమ్లపు రంగులకు. నూలు మీద దానివల్ల ఏమీ జరగదు. కుట్టుపిచ్చి గారిని తప్పుపట్టడం లేదు, ఈ చిట్కా నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

కుట్టుపిచ్చి – రాత్రి 11:15

ఇన్నేళ్లూ ఆపింది ఉప్పే అనుకున్నాను. ఆ బట్టలు మామూలుగానే దిగనివేమో మరి.

సూదిమొన – ఆదివారం, ఉదయం 7:25

రాత్రి పన్నెండున్నరకు తొట్టెలో దింపాను. నీలం గీతలు పోగొట్టడానికే గంట పట్టింది. పొద్దున లేచి చూస్తే తొట్టె నిండా గులాబీనీళ్లు. గాజుగ్లాసులో ముంచి కిటికీ దగ్గర పెట్టాను, వెనక తెల్లకాగితం పెడితే బాగా తెలిసింది. ముదురు గులాబీ.

కానీ ఆ తిరగబడిన నక్షత్రం సగానికి సగం పలచబడింది! మొనల చుట్టూ ఉన్నది కూడా తగ్గినట్టే ఉంది, లేక నాకే అలా అనిపిస్తోందా?

పాతబొంత – ఉదయం 7:40

తగ్గుతుంది. మీకు అనిపించడం కాదు. ఇంకో అయిదు గంటలు ఆగి నీళ్లు వదిలేసి మళ్లీ అదే వేడి, అదే సబ్బు. గ్లాసులో నీళ్లు తేటగా కనిపించేదాకా ఎన్నిసార్లయినా అంతే.

రెండుపోగులు – ఉదయం 8:30

నాకు అర్థం కాని విషయం. గిన్నెల సబ్బు ఎందుకు? బట్టల సబ్బుపొడి ఉండగా?

నూలుపోగు – ఉదయం 8:44

బట్టల పొడుల్లో చాలావాటిలో తెల్లదనం పెంచే పదార్థాలు ఉంటాయి, కొన్నింటిలో బ్లీచ్ కూడా. మీగడరంగు బట్ట ఉంటే దాని రంగే మారిపోతుంది. గిన్నెల సబ్బుద్రవంలో మామూలుగా ఆ గొడవ ఉండదు. వదిలిన రంగును నీళ్లలోనే పట్టి ఉంచుతుంది, మళ్లీ బట్ట మీద కూర్చోనివ్వదు. బ్లీచ్ కలిపినవి ఉంటాయేమో సీసా మీద చూసి కొనండి. నురగ ఎక్కువ వస్తుంది కాబట్టి మెషీన్‌లో మాత్రం వాడకండి, నేల తుడుచుకోవాల్సి వస్తుంది. అనుభవంతో చెబుతున్నాను.

రెండుపోగులు – ఉదయం 8:50

మరి మెషీన్‌లో వేసే రంగు పట్టే కాగితాలు ఉన్నాయి కదా? నేను రెండు వేసి ఏ రంగైనా ధైర్యంగా ఉతికేస్తాను.

పాతబొంత – ఉదయం 9:05

అవి నీళ్లలోకి వచ్చిన రంగునే పట్టుకుంటాయి. ఎర్రముక్క పక్కనే తెల్లముక్క తడిగా అంటుకుని ఉంటే రంగు నీళ్లలోకి రాకుండానే అటు పాకుతుంది. సూదిమొన గారి తిరగబడిన నక్షత్రం అలా వచ్చిందే. అక్కడ పది కాగితాలు వేసినా ఒరిగేది లేదు. తక్కువ నీళ్లలో, ఇరుకుగా, ఉతికాక మెషీన్‌లోనే గంటసేపు వదిలేస్తే ఇలాగే అవుతుంది. వదిలేశారా?

సూదిమొన – ఉదయం 9:12

వదిలేశాను. ఫోను మాట్లాడుతూ.

మెత్తనిఉన్ని – ఉదయం 10:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నా బొంతలో లోపలిది ఉన్నిపొర. ఒక ఆకుపచ్చ ముక్క కొంచెం దిగింది. నేనూ ఇలాగే చేయనా?

అద్దకంగది – ఉదయం 10:41

వద్దు. వేడి, సబ్బు, కదలిక కలిస్తే ఉన్ని గట్టిపడి అట్ట కడుతుంది, మళ్లీ మామూలు కాదు. గోరువెచ్చని నీళ్లు, తక్కువసేపు, కదిలించకుండా, ఎక్కువ నీళ్లలో. మరక పూర్తిగా పోకపోవచ్చు. ఆ ముక్కను విప్పి మార్చడమే నయం కావచ్చు.

చుక్కలగుడ్డ – ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఇంత కష్టం ఎందుకండీ, క్లోరిన్ బ్లీచ్‌లో దూది ముంచి గులాబీ ఉన్నచోట అద్దితే రెండు నిమిషాల్లో పోతుంది.

నూలుపోగు – మధ్యాహ్నం 1:22

గులాబీతోపాటు పక్కనున్న ఎరుపూ పోతుంది. బ్లీచ్‌కు మరక ఏదో, నమూనా ఏదో తెలియదు. అంతకంటే ముఖ్యం, అది నూలుపోగునే తింటుంది. ఈరోజు తెల్లగా కనిపించి, కొన్నాళ్లకు అక్కడే చిరుగుతుంది. సరిగ్గా కుట్టు దారం దగ్గరే.

నేనైతే చివరికి మిగిలిన చిన్న మరకలకు ఆక్సిజన్ రకం బ్లీచ్ వాడాను, సోడియం పర్కార్బనేట్ అని ఉంటుంది. వేడినీళ్లలో కలిపితే హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదలై పనిచేస్తుంది. నూలుకు క్లోరిన్ అంత చేటు చేయదు.

పాతబొంత – మధ్యాహ్నం 1:30

చేత్తో కుట్టినదానికి నేను అదీ వాడను. కొన్ని రంగులు దానికీ వెలుస్తాయి.

నూలుపోగు – మధ్యాహ్నం 1:34

మీరు వాడకండి, నేను వాడతాను. మూడు బొంతలు బతికాయి.

సూదిమొన – సోమవారం, ఉదయం 6:50

రెండో నానుడు అయింది, ఈ రాత్రి మూడోది కూడా. తిరగబడిన నక్షత్రం ఎక్కడుండేదో వెతుక్కోవాలి ఇప్పుడు. మొనల చుట్టూ ఉన్న గులాబీ కూడా చాలావరకు పోయింది. పొద్దున బొంత అంచు పట్టుకుని చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ ఒక అనుమానం. మొదటి గ్లాసు ముదురు గులాబీ, రెండోది లేత గులాబీ, మూడోది... అంతే లేత గులాబీ. రెండోదాని పక్కన పెడితే తేడా తెలియడం లేదు. తేటపడాలి కదా?

అద్దకంగది – సోమవారం, ఉదయం 7:30

ఇది నాకు నచ్చలేదు. ఆ ఎర్రబట్ట మిగులు ముక్క ఏమైనా ఉందా? ఉంటే రెండంగుళాల ముక్క కోసి, గ్లాసుడు వేడినీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి అరగంట ఉంచండి. పక్కనే తెల్లముక్క ఒకటి వేయండి. నీళ్లు మార్చి మళ్లీ, మళ్లీ. అయిదుసార్లు. చన్నీళ్లలో చేయకండి, ఆ పరీక్ష అబద్ధం చెబుతుంది.

సూదిమొన – సోమవారం, మధ్యాహ్నం 12:10

అయిదు గ్లాసులు వంటగది గట్టు మీద వరుసగా పెట్టాను. మొదటిది ఎరుపు. మిగతా నాలుగూ ఒకే గులాబీ. అయిదో గ్లాసులోని తెల్లముక్క తీసి పిండితే అది కూడా గులాబీగానే ఉంది.

అద్దకంగది – సోమవారం, మధ్యాహ్నం 12:35

నేను ముందు అనుకున్నది తప్పు. రియాక్టివ్ రంగులో మిగిలిపోయింది కొంతే ఉంటుంది, అది అయిపోతే నీళ్లు తేటపడతాయి. మీది ఆగడం లేదంటే అది చాలావరకు డైరెక్ట్ రంగు అయి ఉండాలి. దాన్ని బట్టకు గట్టిగా పట్టి ఉంచేది ఏదీ లేదు. ఎన్నిసార్లు వేడినీళ్లు పోస్తే అన్నిసార్లు దిగుతుంది, చివరికి మీ నక్షత్రాలే లేత గులాబీ అవుతాయి. ఇక వేడినీళ్లు చాలు.

ఇప్పుడు చేయాల్సింది ఆ రంగును ఉన్నచోటే పట్టి నిలపడం. దానికి రంగు నిలిపే ద్రావణం వేరే దొరుకుతుంది. డైరెక్ట్ రంగుల అణువుల మీద రుణావేశం ఉంటుంది, ద్రావణం అణువుల మీద ధనావేశం. రెండూ జతకట్టి నీళ్లలో కరగని పెద్ద ముద్దగా మారతాయి. ఉప్పు, వెనిగర్ చేస్తాయని అందరూ నమ్మే పనిని నిజంగా చేసేది ఇది.

ఒకటే షరతు. అది నక్షత్రంలోని ఎరుపును, తెల్లముక్క మీది మరకను వేరుచేసి చూడదు, రెండింటినీ కట్టిపడేస్తుంది. అందుకే శనివారం రాత్రి దీని మాట ఎత్తలేదు. తెల్లముక్కలు తెల్లబడ్డాయని మీకు నమ్మకం కుదిరాకే వాడండి. సీసా మీద రాసిన వేడి, కొలత తప్పవద్దు. సబ్బు ఏమాత్రం మిగలకుండా ముందే బాగా జాడించండి, సబ్బు ఉంటే ద్రావణం దానితోనే జతకట్టి వృథా అవుతుంది. ఆ తర్వాత ఎప్పుడు ఉతికినా చన్నీళ్లే, విడిగానే.

పాతబొంత – సోమవారం, మధ్యాహ్నం 12:50

నేను కూడా ఇంకో నాలుగు నానుళ్లు చెప్పి ఉండేదాన్ని. ఆ అయిదు గ్లాసుల పని మొదటి రాత్రే చేయించాల్సింది.

నీలికుండ – సోమవారం, సాయంత్రం 5:20

నీలిమందు అద్దిన పాత జీన్స్ ముక్కలతో నేను కుట్టినది ఉతికితే కాదు, పడుకుంటేనే దిండుకు అంటుతోంది. దీనికీ ఆ ద్రావణమేనా?

అద్దకంగది – సోమవారం, సాయంత్రం 5:45

కాదు. నీలిమందు నీళ్లలో కరగదు, పోగు పైపైన సన్నని రేణువులుగా ఉంటుంది. మీది రాపిడికి రాలడం. విడిగా కొన్నిసార్లు ఉతికితే తగ్గుతుంది, పూర్తిగా మానదు. ముదురు రంగు దిండుగలీబు వేసుకోండి.

సూదిమొన – గురువారం, రాత్రి 8:15

ఆలస్యానికి మన్నించండి. మంగళవారం పగటి వెలుతురులో ముప్పై గళ్లూ ఒక్కొక్కటిగా చూశాను. ఇరవై తొమ్మిది తెల్లగా ఉన్నాయి. కిందివరుసలో ఒక గడిలో రెండు మొనల మధ్య చిన్న త్రికోణం ముక్క మాత్రం ఇంకా లేత గులాబీ. నూలుపోగు గారి మందు వాడదామా అని చాలాసేపు ఊగిసలాడి, చివరికి ఆ ముక్క కుట్లు విప్పి కొత్తది వేశాను. రెండంగుళాల త్రికోణానికి పూటంతా పట్టింది. చుట్టూ ఉన్న పాత తెలుపు కన్నా అది కాస్త ఎక్కువ తెల్లగా ఉంది, తెలిసినవాళ్లకే కనిపిస్తుంది.

తర్వాత మూడుసార్లు జాడించి ద్రావణంలో పెట్టాను. మిగులు ఎర్రముక్కను కూడా అందులోనే వేశాను, పరీక్ష కోసం. బుధవారం దాన్ని చన్నీళ్ల గ్లాసులో అరగంట ఉంచాను. నీళ్లు తేట. తెల్లముక్క తెల్లగానే ఉంది. ఆ గ్లాసును ఇంకా పారబోయలేదు, గట్టు మీదే ఉంది.

బొంతను దుప్పటి మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాను. అంగుళం మేర ముడుచుకుంది, ముడతలు పడి పాతబొంతలా కనిపిస్తోంది. నాకు అలాగే నచ్చింది. అస్తరు మూలన చిన్న గుడ్డపట్టీ మీద దారంతో కుట్టాను: "చన్నీళ్లు. విడిగా. తడిగా వదిలేయవద్దు." చెల్లెలు నవ్వుతుంది, నవ్వనీ.

పాతబొంత – గురువారం, రాత్రి 8:22

ఫోను మాట్లాడవద్దని కూడా కుట్టాల్సింది.

రెండుపోగులు – గురువారం, రాత్రి 8:40

అయితే ఇకమీదట అన్ని బట్టలూ ముందే ఉతకాలన్నమాట. కొత్తబట్టకున్న గంజి బిగువు పోతే కోయడం కష్టం కదా, నాకు అదే చికాకు.

నూలుపోగు – గురువారం, రాత్రి 8:47

అన్నీ అక్కర్లేదు. నేను ఎరుపు, ముదురు నీలం, నలుపు, ముదురు నెమలిరంగు మాత్రం గ్లాసు పరీక్ష లేకుండా కోయను. గంజి కావాలంటే ఉతికాక మళ్లీ పెట్టుకోవచ్చు.

కుట్టుపిచ్చి – గురువారం, రాత్రి 10:05

ఇదంతా చదివాక నిద్ర పట్టక అలమర తెరిచాను. వచ్చే నెల మొదలుపెడదామని దాచుకున్న ఎర్రబట్ట ఒకటి ఉంది. మూల నుంచి రెండంగుళాలు కోసి వేడినీళ్ల గ్లాసులో వేశాను. పది నిమిషాలు కూడా కాలేదు, గ్లాసు వెనకున్న గోడ కనిపించడం లేదు. అద్దకంగది గారూ, రెండో గ్లాసుకు ఎంతసేపు ఆగమన్నారు?